రవివర్మ నకలు తీయాలంటే ముందు క్యాలెండరు పక్కన పెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఫ్లాటు, వారాంతంలో దొరికే రెండు పూటలు, గోడ మీద రవివర్మ 'హంస దమయంతి' క్యాలెండరు, దాన్ని చూసి వేద్దామని కొన్న 24 బై 36 అంగుళాల కాన్వాస్, విద్యార్థుల రకం ఆయిల్ రంగుల పెట్టె. వేసి చూస్తే మొహం సున్నం కొట్టినట్టు తేలింది, కొలతలు జారిపోయాయి. ట్రేసింగ్ చేస్తే తప్పా, మొత్తానికి ఎన్నాళ్ళు పడుతుంది అని మిగతా రెండు ప్రశ్నలు.

ముందు క్యాలెండరు సంగతి. రవివర్మ బొమ్మలు ఇంటింటికీ చేరింది 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు వల్ల. అక్కడ అచ్చయినవి రాతి మీద అచ్చులు: ఒక్కో రంగుకి ఒక్కో రాయి. అంటే అప్పుడే అసలు చిత్రంలోని చాయలు విడిపోయి, అంచులు గట్టిపడ్డాయి. ఆ అచ్చుని మళ్ళీ ఫొటో తీసి, నాలుగు రంగుల చుక్కల్లోకి మార్చి అచ్చేసిందే మీ క్యాలెండరు. నకలు తీసేటప్పుడు నేర్చుకోవాల్సింది చిత్రకారుడు ఏది ముందు వేశాడు, ఏది పలచగా వదిలాడు, ఎక్కడ అంచు కలిపేశాడు అన్నది. ఆ సమాచారం ఏదీ క్యాలెండరులో మిగల్లేదు. మీరు ఎంత శ్రద్ధగా వేసినా ఇంకు చుక్కలకి నకలే వస్తుంది. పైగా అందులో నిలువెత్తు మనిషి, చీర, హంస, తోట అన్నీ ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో పాఠం. మొదటి కాన్వాస్‌కి అంత బరువు వద్దు.

మొదటి నకలుకి కావలసినవి: ఒకే తల, ఒకే దిక్కు నుంచి వెలుగు, తక్కువ రంగులు, అసలు చిత్రం కొలతలు తెలిసి ఉండటం, పెద్ద ఫైలు ఉచితంగా దొరకడం. ఇవన్నీ కలిసొచ్చే చిత్రం స్పెయిన్ చిత్రకారుడు వెలాస్క్వెజ్ 1650లో రోమ్‌లో వేసిన 'హువాన్ దె పరేహా'. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, 81.3 బై 69.9 సెం.మీ. దాని ఫొటోని ఎవరైనా వాడుకునేలా మ్యూజియం తన సైటులోనే పెట్టింది. పరేహా వెలాస్క్వెజ్ దగ్గర బానిసగా ఉంటూ ఆయన స్టూడియోలో పనిచేసినవాడు, తర్వాత తనూ చిత్రకారుడయ్యాడు. మనకి అంతకన్నా ముఖ్యం, ఆయనది గోధుమ ఛాయ చర్మం. యూరప్ పుస్తకాల్లోని గులాబీ రంగు చర్మం సూత్రాలు పట్టుకుని మన మనుషుల్ని వేయబోతే వచ్చే ఇబ్బంది ఇక్కడ ఉండదు. బూడిద పచ్చ నేపథ్యం, నల్లటి జుట్టు, తెల్లటి లేసు కాలరు. ఇంతే.

మొత్తం బొమ్మ వద్దు. తల, కాలరు వచ్చేలా 30 బై 40 సెం.మీ. ముక్క తీసుకోండి. దుకాణాల్లో దొరికే 12 బై 16 అంగుళాల కాన్వాస్ దాదాపు అంతే ఉంటుంది, ఏ3 కాగితం మీద ప్రింటూ అంతే వస్తుంది. అసలు సైజులోనే వేయాలన్నది ఇందులో పట్టువిడుపు లేని విషయం. చిన్నది చేస్తే కుంచె వెడల్పు మారిపోతుంది, ఆయన ఒక్క కుంచె తాపుతో తేల్చిన చోట మీరు పది గీతలు గీస్తారు. ప్రింటు లెక్క సులువు: డౌన్‌లోడ్ చేసిన ఫైలు వెడల్పు ఎన్ని పిక్సెళ్ళో చూసి 69.9తో భాగించండి. 3000 పిక్సెళ్ళుంటే సెంటీమీటరుకి 43 వస్తాయి, అంటే 30 సెం.మీ. ముక్కకి సుమారు 1290 పిక్సెళ్ళు కత్తిరించాలి. ఆ ప్రింటు దగ్గరగా చూస్తే కాస్త మసకగానే ఉంటుంది, ఈ పనికి చాలు. మెరుపు కాగితం వద్దు, మ్యాట్ అడగండి. ఫొటో ల్యాబులో "కలర్ కరెక్షన్ చేయకండి" అని ముందే చెప్పాలి, లేకపోతే మొహం ఎర్రగా, నేపథ్యం నల్లగా చేసి ఇస్తారు. ప్రింటు చేతికొచ్చాక ఫోనులోని బొమ్మ పక్కన పెట్టి చూసుకోండి. సాధారణంగా నీడలు మూసుకుపోయి ఉంటాయి. నీడల లోపలి వివరం కోసం స్క్రీనుని చూడండి, రంగు పోల్చడానికి మాత్రం ప్రింటునే నమ్మండి. వెలిగే తెర పక్కన పెట్టి కాన్వాస్ మీది రంగుని సరిచూడటం కుదిరే పని కాదు.

గదిలో దీపం గురించి ఎవరూ చెప్పరు గానీ సగం గొడవ దానివల్లే. మన ఇళ్ళల్లో ఉండే 'కూల్ డేలైట్' ట్యూబులు 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నీలానికి తిరుగుతుంది). వాటి కింద వేసిన చర్మం వెచ్చటి దీపం ఉన్న గదిలోకి తెస్తే నారింజ రంగుకి తిరిగి కనపడుతుంది, ఎందుకంటే ఆ నీలి వెలుగుని పూడ్చడానికి మీకు తెలియకుండానే పసుపు, ఎరుపు ఎక్కువ కలిపారు. 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉన్న ఎల్ఈడీ ఒకటి కొని, కాన్వాస్‌నీ ప్రింటునీ నిటారుగా పక్కపక్కన నిలబెట్టి రెండింటి మీదా సమానంగా పడేలా పైనుంచి వేయండి. ఉత్తరం కిటికీ ఉంటే పగలు దీపం అక్కర్లేదు.

ఇక గీయడం. ట్రేసింగ్ తప్పేమీ కాదు, కానీ అది ఎప్పుడు చేస్తున్నామన్నదే తేడా. ముందే ట్రేస్ చేస్తే కంటికి పని లేదు. గీశాక ట్రేసింగ్‌తో సరిచూస్తే కంటికి గురువు దొరికినట్టు. కాబట్టి ముందు 30 బై 40 సైజు కాగితం మీద బొగ్గుతో చూసి గీయండి. ప్రింటు పక్కనే కాగితం, రెండు మీటర్ల వెనక్కి నిలబడి చూడటం, దగ్గరికొచ్చి గీయడం, మళ్ళీ వెనక్కి. దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీస్తే నిలువు గీత వస్తుంది: కంటి లోపలి మూల కింద ముక్కు రెక్క ఎక్కడ పడుతోంది, నోటి కొన ఎక్కడ, కాలరు అంచు ఎక్కడ అన్నది దాంతో చూసుకోవాలి. స్వెటర్లు అల్లే సూదితో కొలతలు, వంపులు పోల్చండి. మొదట ఐదారు గుర్తులు చాలు: తల పైభాగం, గడ్డం కింద, రెండు పక్కల అంచులు, కళ్ళ గీత, ముక్కు కింద. ఇవి కుదిరేదాకా కళ్ళు గీయకండి. తర్వాత ప్రింటు మీద ట్రేసింగ్ కాగితం వేసి ముఖ్యమైన గీతలు ఎత్తి, మీ గీత మీద పెట్టండి. తప్పులన్నీ ఒకే పద్ధతిలో జారుతున్నాయని కనపడుతుంది. కళ్ళు కాస్త పెద్దగా, పైకి, నుదురు చిన్నగా, తల వెనక భాగం ఇరుకుగా. నూటికి తొంభైమందికి ఇవే. దిద్ది, మళ్ళీ కాగితం పెట్టి చూడండి. 3 మిల్లీమీటర్ల లోపు తేడాకి వచ్చాక ఆపేయవచ్చు.

గళ్ళు గీసే పద్ధతి మన సైన్‌బోర్డు ఆర్టిస్టులు, సినిమా కటౌట్లు వేసినవాళ్ళు అద్భుతంగా వాడారు. పెద్దది చేయడానికి అది సరైన పనిముట్టు. ఒకే సైజులో నేర్చుకునేటప్పుడు మాత్రం అంగుళం గళ్ళు వేస్తే 192 చిన్న బొమ్మలు గీస్తారు, ఒక్క తల గీయరు. గళ్ళే కావాలంటే నిలువుగా సగం, అడ్డంగా సగం, రెండు మూలగీతలు. అంతవరకే.

గీతని కాన్వాస్ మీదికి దించడానికి పెన్సిలు పొడి వద్దు, పలచటి రంగు కింది నుంచి ఎప్పటికైనా బయటికి కనపడుతుంది. ట్రేసింగ్ కాగితం వెనక బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ ఆయిల్ రంగు గుడ్డతో పలచగా రాసి, మిగిలింది తుడిచేసి, ముందు వైపు నుంచి బాల్‌పెన్నుతో గీతల మీద దిద్దితే సరిపోతుంది. కాన్వాస్ అంతకుముందే సిద్ధం కావాలి: కొన్న కాన్వాస్ మీద ఇంకో పూత జెస్సో (రంగు పట్టడానికి వేసే తెల్లటి పునాది పూత), ఆరాక 220 నెంబరు గరుకు కాగితంతో రుద్ది, నీళ్ళతో పలచన చేసిన అక్రిలిక్ రా అంబర్ పూసి బూడిద గోధుమ రంగులోకి తేవాలి. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా ముదురుగా అనిపిస్తుంది, దాంతో మొత్తం బొమ్మ వెలిసిపోయినట్టు లేతగా వేసేస్తాం. మీ మొహాలు సున్నంలా రావడానికి మొదటి కారణం ఇది.

రంగు పెట్టేముందు ఒక సాయంత్రం చిన్న అట్టముక్క మీద తెలుపు, నలుపులతో నాలుగే చాయల్లో ఈ తల వేయండి. కళ్ళు చిట్లించి చూసి ఏ భాగం ఏ చాయలోకి పడుతుందో తేల్చాలి. కాలరు అన్నిటికన్నా తెలుపు, తర్వాత నుదురు, నేపథ్యం మధ్యస్థం, జుట్టు, బట్టలు ముదురు. కంటి తెల్లగుడ్డు అసలు తెలుపు కాదని, నుదుటి కన్నా బాగా ముదురని ఈ అట్టముక్కే చెబుతుంది. చాలా నకళ్ళు దెయ్యం చూపు చూసేది ఆ తెల్లగుడ్డు దగ్గరే.

అప్పుడు కాన్వాస్ మీద రా అంబర్, టర్పెంటైన్ మాత్రమే. పలచగా అంతా రుద్ది, వెలుగు భాగాల్ని పాత నూలు గుడ్డతో తుడిచి తీయండి. నీడలు వదిలేయండి. అంబర్‌లో మాంగనీస్ ఉండటంతో త్వరగా ఆరుతుంది, ఒకటి రెండు రోజుల్లో తర్వాతి పొరకి సిద్ధం.

రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (ఎరుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), రా అంబర్ (మట్టి గోధుమ), ఐవరీ బ్లాక్. పెట్టెలోని మిగతావి మూతపెట్టి దాచేయండి, ముఖ్యంగా 'ఫ్లెష్ టింట్' అని రాసినది. ఒక్క ట్యూబు మంచి రకం కొనగలిగితే అది తెలుపే అవ్వాలి. ఫొటో ఫ్రేము గాజుపలక కింద బూడిద కాగితం పెడితే అదే పాలెట్. కాన్వాస్ మొదలెట్టే ముందే ఐదు కుప్పలు కలుపుకోండి. నీడకి బర్న్ట్ సియెన్నా, రా అంబర్ సమానంగా, కొద్దిగా నలుపు. ఇందులో తెలుపు అస్సలు పడకూడదు. నీడ దాటిన అంచుకి సియెన్నా రెండు పాళ్ళు, అంబర్ ఒక పాలు, కొంచెం ఓకర్. మధ్య చాయకి ఓకర్ రెండు, సియెన్నా రెండు, తెలుపు ఒకటి. వెలుగుకి ఆ మధ్య చాయలోనే ఇంకో పాలు తెలుపు, అర పాలు ఓకర్, చిటికెడు వెర్మిలియన్. హైలైట్‌కి, అంటే మెరిసే చోటుకి, తెలుపులో కాస్త ఓకర్, సూది మొనంత నలుపు. కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది కాబట్టి ఈ పాళ్ళు మొదలెట్టడానికే.

సరిచూడటానికి మంచి ఉపాయం ఒకటుంది. ఏ3 ప్రింటు మీద పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు పరచి, కలిపిన రంగుని కత్తితో నేరుగా ఆ చోటు మీదే చిన్న చుక్క పెట్టండి. సరిపోతే చుక్క మాయమవుతుంది. లేకపోతే ముదురో, లేతో, ఎరుపో, పచ్చో వెంటనే తెలుస్తుంది. ఈ క్రమంలోనే చూడాలి: ముందు ముదురు-లేత, తర్వాత రంగు.

సున్నం సమస్యకి రెండో కారణం తెలుపు స్వభావం. పాతకాలం చిత్రకారులు వాడింది సీసపు తెలుపు. అది కాస్త వెచ్చగా, సగం పారదర్శకంగా ఉంటుంది. అది విషం, ఇంట్లో వద్దు. మన టైటానియం చల్లగా, పూర్తిగా కప్పేసేలా ఉంటుంది, కొంచెం వేసినా రంగు నీలి బూడిదకి తిరుగుతుంది. అందుకే తెలుపు కలిపిన ప్రతిసారీ వెంట కొంచెం ఓకరో వెర్మిలియనో వెళ్ళాలి. మూడో కారణం, నీడలోకి తెలుపు పాకడం. వెలుగు వేసిన కుంచెతోనే నీడలోకి వెళ్ళారంటే నీడ పాలు కలిసినట్టు అయిపోతుంది. నీడకి ఒక కుంచె, వెలుగుకి ఒకటి, కలవనివ్వకండి. గోధుమ ఛాయ చర్మంలో ఇంకో మెలిక ఉంది: హైలైట్ చర్మం రంగు కాదు, చర్మం మీది మెరుపులో కనపడే వెలుగు రంగు. దాన్ని నారింజగానో పసుపుగానో పెడితే మైనపు బొమ్మ అవుతుంది. బూడిద తిరిగిన తెలుపే పెట్టాలి, నుదుటి మీద, ముక్కు మీద, అదీ చివర్లో, ఒక్కో తాపు. పెట్టి మళ్ళీ ముట్టుకోకూడదు.

కుంచెలు పంది వెంట్రుకలవి 8, 6, 4 నెంబర్లు, చివరికి మెత్తటిది 2 ఒక్కటి. మొదటి రంగు పొరలో 4 కన్నా చిన్నది ముట్టద్దు. నేపథ్యం ఆఖరికి వదిలేయడం అందరూ చేసే పని. మొహంతో పాటే నేపథ్యం కూడా వేయాలి, ఎందుకంటే అంచు అన్నది రెండు వైపులా తడిగా ఉన్నప్పుడే కుదురుతుంది. జుట్టు నేపథ్యంలోకి మెత్తగా కలిసేచోట పొడి కుంచెతో ఒకసారి లాగండి. వెలుగు వైపు చెంప గట్టిగా, నీడ వైపు చెంప సడలించి. ఇక కాలరు. ప్రింటులో దగ్గరగా చూస్తే లేసు అల్లిక ఎక్కడా లేదు, కొన్ని చిక్కటి తెలుపు తాపులు, మధ్యలో కింది ముదురు రంగు. దారం దారం వేద్దామనిపిస్తుంది. వెనక్కి వెళ్ళి చూడండి, ఆ తాపులే లేసు అవుతాయి. గది చిన్నదైతే వెనక గోడకి అద్దం తగిలించి అందులో చూసుకోండి. దూరం రెట్టింపవుతుంది, కుడిఎడమలు తిరగబడి కొలత తప్పులూ బయటపడతాయి.

రెండో పొరకి మూడు పాళ్ళ టర్పెంటైన్‌కి ఒక పాలు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), మూడో పొర ఉంటే రెండుకి ఒకటి. కింద నూనె తక్కువ, పైన ఎక్కువ. తిరగేస్తే కొన్నేళ్ళకి పగుళ్ళు. తెలుపు ఉన్న పొర ఆరడానికి వారం దాకా ఇవ్వండి. ఆయిల్ రంగు ఆరేది నీళ్ళు ఇగిరినట్టు కాదు, గాలిలో ఆక్సిజన్ పట్టుకుని. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు, తలుపులన్నీ మూసిన గది అయితే ఇంకో మూడు నాలుగు రోజులు కలుపుకోండి. బీరువా వెనక, గోడకి ఆనించి పెడితే కాన్వాస్ వెనక బూజు పడుతుంది. ఆరాక అంబర్, నలుపు ఉన్న చోట్ల మెరుపు పోయి బూడిదగా ఇంకిపోయినట్టు కనపడతాయి. రంగు మారిందనుకుని దిద్దబోకండి. రెండు చుక్కల లిన్సీడ్ వేలితో రాసి గుడ్డతో తుడిచేస్తే అసలు రంగు తిరిగొస్తుంది, అప్పుడు పైన వేయండి.

ఫ్లాటు కాబట్టి ఒక హెచ్చరిక. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బాల్కనీ కమ్మీల మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి మూతున్న డబ్బాలో పెట్టండి. టర్పెంటైన్ సింకులో పోయద్దు. మడ్డి అడుక్కి దిగాక పైది వంపుకుని మళ్ళీ వాడుకోవచ్చు.

ఎన్నాళ్ళంటే: గీయడానికి ఏడెనిమిది గంటలు, చాయల అట్టముక్క, అంబర్ పొర కలిపి నాలుగైదు, రంగు పొరలకి పన్నెండు నుంచి పదిహేను. మీకున్న పూటల్లో రెండు నెలల పని. తర్వాత వారమే, ఆరు రంగులూ మార్చకుండా, అదే దిక్కు నుంచి దీపం పెట్టి ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి తల వేయండి. ఈ భాగం ఎగ్గొట్టినవాళ్ళు పదేళ్ళు నకళ్ళు తీసినా ఎదురుగా ఉన్న మనిషిని వేయలేరు.

రవివర్మ దగ్గరికి అప్పుడు రండి, అదీ ఒక ముక్కతో. ఆయనకీ తైలవర్ణాలు తెలిసింది ప్రధానంగా చూసే. తిరువనంతపురం కొలువుకి వచ్చిన యూరప్ చిత్రకారుడు థియోడోర్ జెన్సన్ వేస్తుంటే గమనించాడు. మీకు మైసూరు జగన్మోహన ప్యాలెస్ అందుబాటులోనే ఉంది, అక్కడ అసలు రవివర్మలు ఉన్నాయి. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పెన్సిలు, నోటుబుక్కు తీసుకెళ్ళి చీర అంచు దగ్గర నిలబడండి. గీసుకోవచ్చా అని ముందు అక్కడివాళ్ళని అడగండి. జరీ అనగానే పసుపు ట్యూబు పిండుతాం, అదే పొరపాటు. ముందు జరీ సంగతి మరచి చీర మడతల వెలుగునీడలు పూర్తిచేయాలి. ఆరాక జరీ పట్టీని ఓకర్, అంబర్ కలిపిన మట్టి రంగుతో, మడత నీడలో ముదురుగా వేయాలి. వెలుగుకి తిరిగే వంపు మీద మాత్రం ఓకర్. ఆ వంపు శిఖరం మీద చిక్కటి తెలుపులో కాస్త ఓకర్ కలిపి, కుంచె మొనతో తెగతెగ తాపులు, పట్టీ పొడవునా పదో పన్నెండో. నీడలో ఉన్న జరీకి మెరుపు ఒక్కటి కూడా పెట్టకూడదు. అంచంతా సమానంగా మెరిస్తే అది క్యాలెండరు జరీ.

చట్టం సంగతి చివరగా. సొంతంగా నేర్చుకోవడానికి ఏది నకలు తీసినా ఎవరూ అడ్డుపడరు. జనవరిలో బెంగళూరు బొమ్మల సంత చిత్రసంతెకి పట్టుకెళ్ళి అమ్మాలనుకుంటేనే లెక్క మారుతుంది. మన దేశంలో కాపీరైటు చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ళు. రవివర్మ 1906లో పోయారు, ఇబ్బంది లేదు. అదే జగన్మోహన ప్యాలెస్‌లోని దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ హల్దంకర్ అనే చిత్రకారుడిది, ఆయన 1968లో పోయారు కాబట్టి 2028 చివరి దాకా ఆగాలి. పైగా అది నీటిరంగు. ఆయిల్‌లో వేసి ఆ వెలుగు రావట్లేదని బాధపడేవాళ్ళు చాలామంది. వడ్డాది పాపయ్య, బాపు బొమ్మల మీద మనకున్న ప్రేమ వేరే సంగతి, అమ్మకానికి వాటి జోలికి పోవద్దు. ఏది వేసినా కాన్వాస్ వెనక 'ఫలానా చిత్రకారుడి చిత్రానికి నకలు' అని రాసి మీ పేరు, తేదీ వేయండి. ముందు వైపు అసలు చిత్రకారుడి సంతకం మాత్రం దించకండి. వార్నిష్‌కి ఆరు నెలలు ఆగండి.